తాతగారి బుల్లెట్ మీటరు డయల్ గురించి మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

తాతగారి బుల్లెట్ మీటరు ఫొటోలు చేరాయి. 30, 40 అంకెలు సగం చెరిగిపోయాయనీ, డయల్ కిందివైపు గోధుమరంగు మరక పాకిందనీ, కనుక ఆన్‌లైన్‌లో దొరికే కొత్త డయల్ స్టిక్కర్ తెప్పించి అంటించేద్దామనుకుంటున్నావనీ రాశావు. తొందరపడవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం. స్పీడోమీటరు డయల్ అనేది ఒక కొలబద్ద. వెనకనున్న యంత్రం ఎంత తిరిగితే ముల్లు ఎంత లేస్తుందో లెక్కకట్టి, దానికి సరిపోయేలా గీసినది. ఆ యంత్రం సంగతి తేల్చుకోకుండా పైన కొత్త రేకు పెడితే బండి అందంగా అబద్ధం చెబుతుంది.

నీ ఫొటోలో డయల్ అడుగున, సన్నని అక్షరాల కోడ్ పక్కన 1600 అని ఉంది, చూడు. స్మిత్స్ కంపెనీ మీటర్లలో ఆ అంకెకు అర్థం, ఒక మైలు దూరానికి, ముందు చక్రం నుంచి మీటరుకు వచ్చే కేబుల్ 1600 చుట్లు తిరగాలని. గంటకు 60 మైళ్ళంటే నిమిషానికి ఒక మైలు గనుక, కేబుల్ నిమిషానికి 1600 చుట్లు తిరిగినప్పుడు ముల్లు 60 మీద నిలవాలి. ఇదే లెక్క కిలోమీటర్లలో వేస్తే కిలోమీటరుకు సుమారు 994 చుట్లు వస్తాయి. స్టిక్కర్లు అమ్మేవాళ్ళలో చాలామంది ఈ చిన్న అంకెను అచ్చు మరకనుకుని వదిలేస్తారు, లేదా ఏ బండి డయల్ దొరికితే ఆ బండి అంకెనే అందరికీ వేసేస్తారు. కొత్త డయల్ గీయించినప్పుడు నీ మీటరు మీదున్న కోడ్, అంకె ఉన్నవి ఉన్నట్టు రావాలి. రేపు ఎవరైనా ఆ మీటరు విప్పితే వాళ్ళకు ఆధారం అదొక్కటే.

ముందుగా యంత్రం సరిగ్గా పనిచేస్తున్నదో లేదో చూడాలి. నీ దగ్గరున్నలాంటి అయస్కాంతపు మీటరులో కేబుల్ ఒక చిన్న అయస్కాంతాన్ని తిప్పుతుంది. దానికి తగలకుండా పైన ఒక అల్యూమినియం గిన్నె ఉంటుంది. తిరిగే అయస్కాంతం ఆ గిన్నెలో పుట్టించే విద్యుత్తు వల్ల గిన్నె కూడా దాని వెంట తిరగబోతుంది, వెంట్రుకంత స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ఆ రెండు లాగుళ్ళు సమమైన చోట ముల్లు ఆగుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అయస్కాంతం బలం తగ్గితే ముల్లు తక్కువ చూపిస్తుంది. అలాంటి మీటరుకు అంకెలను దగ్గర దగ్గరగా జరిపి డయల్ గీయించి సరిపెట్టేవాళ్ళను చూశాను. అది నాకు బొత్తిగా నచ్చని పని. అయస్కాంతానికి మళ్ళీ బలం ఎక్కించేవాళ్ళు ఉండగా కొలబద్దను వంచడం ఎందుకు?

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. గ్రైండరుకు వాడే మామూలు 1440 ఆర్‌పీఎం (నిమిషానికి 1440 చుట్లు తిరిగే) మోటారు నీ దగ్గర ఉంటే దానికి చిన్న కేబుల్ ముక్క బిగించి మీటరును తిప్పు. 1600 మీటరు అయితే ముల్లు 54 మైళ్ళ దగ్గర నిలవాలి. కిలోమీటరుకు 1000 చుట్ల మీటరు అయితే 86 దాటి కొద్దిగా పైన ఆగాలి. మోటారు ఏ వైపు తిరగాలో ముందే వేళ్ళతో కేబుల్ తిప్పి, ముల్లు ఎటు తిప్పితే లేస్తున్నదో చూసుకో. తప్పు వైపు తిప్పితే ముల్లు సున్నా దగ్గరి మేకుకు కొట్టుకుని వంగిపోతుంది. బండి వైపు లెక్క కూడా అంతే సులభం: ముందు చక్రం ఒక చుట్టు తిరిగితే బండి ఎంత దూరం పోతున్నదో సుద్దముక్కతో నేల మీద గుర్తు పెట్టి కొలువు, ఆ ఒక్క చుట్టుకు కేబుల్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టు. చక్రం చుట్టు రెండు మీటర్లు, కేబుల్ రెండు చుట్లు అయితే కిలోమీటరుకు 1000 అయింది, నీ మీటరుకు దాదాపు సరిపోయినట్టే. టైరు సైజు ఎవరైనా మార్చి ఉంటే తేడా ఇక్కడే బయటపడుతుంది.

ఇక విప్పడం. నీ మీటరుకు అద్దం చుట్టూ ఉన్న రింగు అంచు వెనక్కి మడిచి ఉంది. పదును అరగదీసిన చిన్న స్క్రూడ్రైవరుతో ఆ అంచును చుట్టూ కొంచెం కొంచెంగా లేపుతూ పోవాలి; ఒకేచోట గట్టిగా లేపితే రింగు వంకరపోతుంది, మళ్ళీ గుండ్రంగా కూర్చోదు. ఒకసారి విప్పిన రింగు రెండోసారి మడిచేటప్పుడు పగిలే అవకాశం ఉంది గనుక కొత్త రింగు దగ్గర పెట్టుకునే పని మొదలుపెట్టు.

ముల్లు తీయడం అన్నిటికంటే నాజూకైన పని. సున్నా దగ్గర ముల్లు ఒక చిన్న మేకుకు ఆని ఉంటుంది. అది స్ప్రింగు అసలు విశ్రాంతి స్థానం కాదు, మేకు అడ్డం పెట్టడం వల్ల ఆగిన స్థానం. కనుక ముల్లును కొద్దిగా లేపి మేకు పైనుంచి దాటించి వదిలిపెట్టు. అది సున్నా కిందికి ఇంకొంత జారి ఆగుతుంది. ఆ చోటును నిటారుగా పైనుంచి ఫొటో తీసి, డయల్ అంచున పెన్సిల్ గుర్తు పెట్టుకో. తిరిగి బిగించేటప్పుడు ముల్లు ముందు ఆ గుర్తు మీదే కూర్చోవాలి, ఆ తరువాతే మేకు దాటించాలి. దీన్ని వదిలేసి నేరుగా సున్నా మీద పెట్టేవాళ్ళ మీటర్లు అన్ని వేగాల దగ్గరా ఒకే మేర తేడా చూపిస్తాయి. ముల్లు పీకేటప్పుడు డయల్ మీద పలచటి ప్లాస్టిక్ ముక్క పరిచి, రెండు చిన్న చెంచాల కాడలను ముల్లు మధ్యభాగానికి చెరొక పక్క ఆనించి, రెండు వైపులా సమానంగా నొక్కి నిటారుగా పైకి లేపాలి. ఒక పక్క నుంచి ఎత్తితే లోపలి సన్నని ఇరుసు వంగుతుంది, అది వంగితే డయల్ ఎంత బాగున్నా ప్రయోజనం లేదు.

డయల్ బయటికి వచ్చాక దాన్ని కొత్తది చేయాలా, ఉన్నదాన్నే శుభ్రం చేయాలా అన్నది ఆలోచించు. నా మొగ్గు ఎప్పుడూ రెండోదాని వైపే. పగటి వెలుగులో చేయిచాచినంత దూరం నుంచి అంకెలు చదవగలిగితే ఆ డయల్ బతికి ఉన్నట్టే. పాత బండికి ట్యాంకు మీద గీతలు, హ్యాండిల్ మీద మచ్చలు అలాగే ఉంచి డయల్ ఒక్కటి తళతళలాడేలా చేస్తే ముసలాయన నోట్లో కొత్త పళ్ళసెట్టులా ఉంటుంది. శుభ్రం చేయడానికి రబ్బరు బంతితో గాలి ఊది దుమ్ము పోగొట్టాలి. తరువాత ఇయర్‌బడ్‌ను బ్యాటరీలో పోయడానికి అమ్మే డిస్టిల్డ్ నీళ్ళలో (యాసిడ్ కాదు) ముంచి, పిండేసి, రింగు కింద దాగే అంచు దగ్గర ముందు పరీక్షించు. దూదికి నలుపు గాని తెలుపు గాని అంటితే అక్కడితో ఆపు. అంటకపోతే రుద్దకుండా దొర్లిస్తూ ముందుకు పో, ప్రతి దొర్లింపుకూ కొత్త దూది వాడు. పెట్రోలు, థిన్నరు, అద్దాలు తుడిచే నీలం ద్రవం ఏదీ దగ్గరికి రానీయకు. పైన వార్నిష్ కొడితే రక్షణగా ఉంటుందని ఎవరైనా చెబుతారు, వినకు. ఆ వార్నిష్‌లోని థిన్నరే పాత సిరాను కరిగిస్తుంది, కరగకపోయినా నాలుగేళ్ళకు పసుపెక్కుతుంది.

నీ ఫొటోలోని గోధుమరంగు మరక తుప్పు కాదని నా అనుమానం. కేబుల్‌కు పై చివరి దాకా గ్రీజు పట్టిస్తే, తిరిగే కేబుల్ ఆ గ్రీజును మెల్లగా మీటరులోకి ఎక్కిస్తుంది. అది అయస్కాంతాన్నీ గిన్నెనూ తడిపి, అక్కడి నుంచి డయల్ వెనక్కి చేరుతుంది. ఇకముందు పై చివర నాలుగైదు అంగుళాలు పొడిగా వదిలిపెట్టమని మీ మెకానిక్‌కు చెప్పు.

30, 40 అంకెలు బొత్తిగా కనిపించడం లేదంటే మరో డయల్ చేయించుకోవచ్చు, కాని పాత రేకును గీకి దాని మీదే అచ్చు వేయించవద్దు. అదే మందం గల అల్యూమినియం రేకును గుండ్రంగా కోయించి, రంధ్రాలూ, తిరిగిన దూరం లెక్కపెట్టే ఓడోమీటరు కిటికీ పాతదాని కొలతకు పెట్టించి, పాతదాన్ని దాచిపెట్టాలి. నకలు తీయడానికి ఫోన్ ఫొటో పనికిరాదు, అంచులు వంగి వస్తాయి. ఫ్లాట్‌బెడ్ స్కానరు మీద, పక్కన స్టీలు స్కేలు పెట్టి, 1200 డీపీఐలో స్కాన్ చేయి. తరువాత దాన్ని కోరల్‌డ్రాలో కొత్తగా గీయాలి. పెళ్ళిపత్రికలు వేసే ప్రతి ప్రెస్సులోనూ ఆ ప్రోగ్రాము తెలిసిన కుర్రాడు ఉంటాడు, కాని అతని పక్కనే కూర్చో. లేకపోతే నచ్చిన ఫాంటులో అంకెలు కొట్టి అరగంటలో పని ముగించేస్తాడు. ఆ కాలపు అంకెలు చేతితో గీసినవి, కంప్యూటరు ఫాంటు ఏదీ వాటికి అచ్చంగా సరిపోదు. ముఖ్యంగా 4 మెడ, 6 పొట్ట చూస్తే తేడా తెలిసిపోతుంది. ఒక్కొక్క అంకెనూ స్కాన్ మీదే గీతగీతగా దిద్దాలి. చెరిగిపోయిన 30, 40కి కావలసిన 0 రూపాన్ని మిగిలిన అంకెల నుంచి, 3, 4 రూపాలను ఓడోమీటరు చక్రాల నుంచి కాకుండా అదే తరహా మరో మీటరు డయల్ నుంచి తీసుకో. గీతలను మాత్రం స్కాన్ నుంచి దిద్దకు. ఈ రకం మీటరులో ముల్లు వేగంతో సమానంగా జరుగుతుంది గనుక ప్రతి పది మైళ్ళకూ మధ్య కోణం ఒకటే ఉండాలి. రెండు చివర్లూ కొలిచి మధ్యలో సమంగా పంచితే సరి.

మైళ్ళను తీసేసి కిలోమీటర్లు వేయిద్దామన్న నీ ఆలోచన సంగతి. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది, ఆ ముందుతరం బండ్లకు మైళ్ళే సహజం. కిలోమీటర్లు గీయించడం కష్టం కాదు, 100 కిలోమీటర్ల గీత 62 మైళ్ళ స్థానానికి కొద్దిగా అవతల పడుతుంది, అంతే. కాని లోపలి ఓడోమీటరు పళ్ళచక్రాలు మారవు గనుక అది మైళ్ళే లెక్కపెడుతూ ఉంటుంది. పైన ఒక కొలత, కింద ఒక కొలత అయిన మీటరు నాకిష్టం లేదు. ఓడోమీటరు అంకెలను సున్నాకు తిప్పమని కూడా ఎవరినీ అడగకు.

అచ్చు విషయంలో నా మాట, చట్రానికి కట్టిన సన్నని బట్ట గుండా సిరా దించే స్క్రీన్ ప్రింటింగ్. వినైల్ స్టిక్కరు మన ఎండకు కుంచించుకుని అంచు లేస్తుంది, ముల్లుకు అడ్డం పడుతుంది. మామూలు ఇంక్‌జెట్ రంగు వెలిసిపోతుంది. లోహం మీద పట్టే సిరా వాడమని, అంగుళానికి 300 దారాలకు తక్కువ కాని బట్ట కట్టమని అడుగు, సన్న గీతలు అప్పుడే చెదరకుండా వస్తాయి. రేకుకు ముందు ప్రైమరు, తరువాత పూర్తిగా మెరవని నలుపు, అది బాగా ఆరాక తెలుపు. ఆ తెలుపులో చిటికెడు పసుపురంగు కలిపించు, పచ్చి తెలుపు పాత బండి మీద కంట్లో గుచ్చుకుంటుంది. కిటికీ కోసిన అంచులు మెరుస్తుంటాయి, నల్ల మార్కరుతో దిద్దు.

నీ స్నేహితుడి దగ్గర యుద్ధకాలపు బీఎస్ఏ ఎం20 మోటారుసైకిలు ఉందని, దాని మీటరు కూడా నువ్వే విప్పుతానని రాశావు. అది మాత్రం చేయకు. ఆనాటి క్రోనోమెట్రిక్ మీటరులో ముల్లు నున్నగా కాక గెంతులు వేస్తూ కదులుతుంది, లోపల గడియారం లాంటి యంత్రం ఉంటుంది, అది వేరే విద్య. అంతకంటే ముఖ్యంగా, ఆ కాలపు డయళ్ళ మీద చీకట్లో వెలగడానికి రేడియం కలిపిన రంగు ఉండవచ్చు. ఇప్పుడు బండ్లకు అంటించే రేడియం స్టిక్కర్లతో దీనికి సంబంధం లేదు, ఇది నిజమైన రేడియం. వెలుగు పోయినంత మాత్రాన ప్రమాదం పోలేదు. వెలిగే పొడి పాడయింది గాని, రేడియం సగం తగ్గడానికే 1600 సంవత్సరాలు పడుతుంది. మందంగా, గోధుమరంగుకు తిరిగిన, పెచ్చులూడుతున్న అంకెలు కనిపిస్తే అద్దం తీయవద్దు, గీకవద్దు, ఊదవద్దు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోవడమే అసలు ముప్పు. మూసి ఉన్న మీటరును అలాగే ఉండనిమ్మని అతనికి చెప్పు.

నీ మీటరు మూసేటప్పుడు రబ్బరు వాషరు కొత్తది వేయి, అద్దం లోపలివైపు వేలిముద్ర లేకుండా చూసుకో, మడత పూర్తి చేయకముందే మోటారు మీద మరోసారి తిప్పి 54 చూడు. పాత డయల్‌ను మెత్తటి కాగితంలో చుట్టి, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టి, బండి కాగితాలతోపాటు ఉంచు. ఏదీ విప్పకముందు చక్రం చుట్టు కొలత, కేబుల్ చుట్ల లెక్క నాకు రాసి పంపు. స్కాన్ కూడా ప్రెస్సుకు ఇచ్చే ముందు ఒకసారి నాకు చూపించు. మీ అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య