తెలిసినవాళ్ల దగ్గర డాలర్లు కొనవచ్చా?

ప్రశ్న: మాది కరీంనగర్. నేను రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ని. వచ్చే నెల నేనూ నా భార్యా డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం, నాలుగు నెలలు ఉంటాం. మాకు తెలిసిన ఎన్నారై ఒకాయన సెలవు మీద ఊరికొచ్చారు. 4,000 డాలర్లు బ్యాంకు రేటు కంటే తక్కువకే ఇస్తానంటున్నారు, బిల్లు మాత్రం ఉండదు. అది కాదంటే, రూపాయలు ఇక్కడ వాళ్ల నాన్నగారికి ఇవ్వండి, డాలర్లు అక్కడ నేనే మీ చేతికిస్తానంటున్నారు. ఇది చట్టప్రకారం సరైనదేనా? నగదు ఎంతవరకు తీసుకెళ్లొచ్చు? మిగిలితే ఏం చేయాలి?

జవాబు: రెండు పద్ధతులూ చట్టవిరుద్ధమే. దయచేసి దేనికీ ఒప్పుకోకండి.

విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం (ఫెమా), 1999లోని సెక్షన్ 3 ప్రకారం రిజర్వు బ్యాంకు అనుమతి పొందిన బ్యాంకుతోనో, మనీ ఛేంజర్‌తోనో తప్ప వేరెవరితోనూ విదేశీ కరెన్సీ లావాదేవీ చేయకూడదు. అవతలి వ్యక్తి బంధువైనా, స్నేహితుడైనా ఇదే నియమం. ఆయన దగ్గరున్న డాలర్లు ఆయన సక్రమంగా సంపాదించినవే కావచ్చు. అయినా వాటిని మార్చుకోవాల్సింది మనీ ఛేంజర్ దగ్గర. మీరు కొనుక్కోవాల్సిందీ అక్కడే.

రెండో పద్ధతిలో నోట్లు దేశం దాటవు కాబట్టి అందులో తప్పేముందని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో ఎక్కువ ప్రమాదం దానిలోనే ఉంది. ఇక్కడ రూపాయలిచ్చి, అందుకు బదులుగా విదేశంలో డబ్బు పొందే హక్కు తెచ్చుకోవడాన్ని అదే సెక్షన్‌లోని (డి) క్లాజు నేరుగా నిషేధించింది. హవాలా, అంటే బ్యాంకులతో పనిలేకుండా సాగే అక్రమ డబ్బు బదిలీ, నడిచేదీ ఈ దారిలోనే. సెక్షన్ 13 కింద జరిమానా లావాదేవీ మొత్తానికి మూడు రెట్ల వరకు వేయవచ్చు. మీ 4,000 డాలర్లకు అది 12,000 డాలర్ల విలువ దాకా వెళ్తుంది. ఆ కరెన్సీని జప్తు చేసే అధికారమూ ఉంది. పైగా ఒకే లావాదేవీలో రెండు లక్షల రూపాయలు, లేదా అంతకు మించి నగదుగా తీసుకుంటే, తీసుకున్నవారికి ఆదాయపు పన్ను చట్టం కింద అంతే మొత్తం జరిమానా పడొచ్చు. అంటే రూపాయలు తీసుకున్న ఆయన నాన్నగారు కూడా చిక్కుల్లో పడతారు.

ఇంత ప్రమాదానికి మిగిలేది ఎంతో చూడండి. డాలర్లు కొన్నప్పుడు జీఎస్టీ మొత్తం సొమ్ము మీద పడదు. లక్ష రూపాయల కొనుగోలుకు 180 రూపాయలు, మూడు లక్షలకు 360 రూపాయలు అవుతుంది. అసలు తేడా వచ్చేది రేటులో. అందుకే రెండు మూడు చోట్ల ఫోన్ చేసి, “వెయ్యి డాలర్లకు అన్నీ కలిపి ఎంత కట్టాలి?” అని అడగండి. ఒక్క రేటే అడిగితే సర్వీసు చార్జీలు చివర్లో బయటపడతాయి. ఎయిర్‌పోర్టు కౌంటర్లలో సాధారణంగా రేటు ఎక్కువ. అక్కడిదాకా ఆగకండి.

సక్రమమైన దారి కష్టమేమీ కాదు. పాస్‌పోర్టు, వీసా, టికెట్, పాన్ కార్డు తీసుకెళ్లి ఫారం ఎ2 (విదేశీ కరెన్సీ కొనడానికి ఇచ్చే దరఖాస్తు) నింపాలి. ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచీ కొనుక్కోవచ్చు. 50,000 రూపాయల లోపు అయితేనే నగదు తీసుకుంటారు. ఆపైన అయితే మొత్తం సొమ్మూ మీ సొంత ఖాతా నుంచి చెక్కు, కార్డు లాంటి బ్యాంకు మార్గంలో చెల్లించాలి. అమెరికా ప్రయాణానికి నోట్ల రూపంలో ఒక్కొక్కరికి ఒక్కో ప్రయాణానికి 3,000 డాలర్ల వరకు ఇస్తారు. మిగతాది ఫారెక్స్ కార్డులో (విదేశీ కరెన్సీ ముందే నింపుకునే కార్డు) వేయించుకోవచ్చు. అన్నీ కలిపి ఒక ఆర్థిక సంవత్సరానికి మనిషికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితి ఉంది. ఏడాదిలో మీరు ఇలా కొన్నదీ, విదేశాలకు పంపిందీ 10 లక్షల రూపాయలు దాటితే, ప్రయాణ ఖర్చుల విషయంలో దాటిన భాగంపై 20 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు. మీ అవసరానికి అంతదూరం పోనక్కర్లేదు. పోయినా ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది.

బిల్లు తీసుకున్నాక అక్కడే నిలబడి చదవండి. పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, పాస్‌పోర్టు నంబరు, డాలర్ల మొత్తం, రేటు, తేదీ, సంస్థ ముద్ర ఉండాలి. భార్యాభర్తలకు విడివిడిగా బిల్లులు తీసుకోండి, ఎవరి నోట్లు వారి దగ్గరే ఉంచుకోండి. ఇద్దరి సొమ్మూ ఒకరి బ్యాగులోనే ఉంటే, పరిమితి దాటారా అన్న ప్రశ్నకు శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్లకు వివరణ ఇచ్చుకోవాల్సి వస్తుంది. బిల్లు లేని డాలర్లు దొరికితే కస్టమ్స్ చట్టం కింద స్వాధీనం చేసుకోవచ్చు. వాటిని విడిపించుకోవడానికి నెలలు పట్టొచ్చు.

కూతురి ఇంట్లో ఉండేవారికి తలా 500 నుంచి 1,000 డాలర్ల నగదు చాలునని నా అభిప్రాయం. మిగతాది కార్డులోనే మేలు. అక్కడ దుకాణంలో కార్డు గీసినప్పుడు రూపాయల్లో చెల్లిస్తారా, డాలర్లలోనా అని మిషన్ అడిగితే డాలర్లే ఎంచుకోండి. రూపాయలు నొక్కితే వాళ్ల రేటుకు మారి నష్టపోతారు. మీ అమ్మాయి అక్కడ మీ ఖర్చులు భరించినా, చేతికి కొంత బహుమతిగా ఇచ్చినా తప్పు లేదు. దానికి బదులుగా ఇక్కడ ఆమె తరఫున ఎవరికో రూపాయలు చెల్లించే ఒప్పందం మాత్రం పెట్టుకోకండి. భారతీయ కరెన్సీ మనిషికి 25,000 రూపాయల వరకు వెంట ఉంచుకోవచ్చు, తిరిగొచ్చాక టాక్సీకి పనికొస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు నోట్లు 5,000 డాలర్లకు మించి ఉంటే ఎయిర్‌పోర్టులో కరెన్సీ డిక్లరేషన్ ఫారం ఇవ్వాలి. ఇంటికొచ్చాక నోట్ల రూపంలో మనిషికి 2,000 డాలర్ల వరకు ఎంతకాలమైనా ఉంచుకోవచ్చు, నాణేలకు పరిమితి లేదు. అంతకు మించినవాటిని వచ్చిన 180 రోజుల్లోపు బ్యాంకులోనో, మనీ ఛేంజర్ దగ్గరో మార్చేయాలి. మళ్లీ వెళ్లే ఆలోచన ఉంటే వాటిని రెసిడెంట్ ఫారిన్ కరెన్సీ డొమెస్టిక్ ఖాతాలో డాలర్లుగానే వేసుకోవచ్చు. దానిపై వడ్డీ రాదు.