ట్యాంక్ యార్డు అప్పగించారట

అమ్మలూ,

కాకినాడ పామాయిల్ రిఫైనరీలో ట్యాంక్ యార్డు నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. ఎంత గర్వమనిపించిందో! కానీ ఫోను పెట్టేశాక జి. రాగంపేటే మనసులో మెదిలింది. మీకు అంత దగ్గర్లో, 2023 ఫిబ్రవరి 9న, నూనె ట్యాంకు శుభ్రం చేయడానికి దిగి 7 మంది పోయారు.

అందుకే ముందు ఖాళీ ట్యాంకు సంగతి. అడుగున మిగిలిన మడ్డి, తడి కలిసి కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పుడుతుంది. తుప్పు పట్టే ఇనుము గాల్లోని ఆక్సిజన్‌ని తినేస్తుంది. ముక్కుని నమ్మకు, ఆ విషవాయువు ఎక్కువైతే వాసనే తెలీదు. గ్యాస్ కొలిచే మీటరుకి తాడు కట్టి పైన, మధ్యలో, అడుగున చూడు. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తక్కువున్నా, హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎంకి (గాలి పది లక్షల పాళ్లలో పది పాళ్లకి) చేరినా ఎవర్నీ దించకు. పైపులకి దారి మూసేసే బ్లైండ్ ప్లేట్లు బిగించాలి, లోపలికి గాలి కొట్టే బ్లోయర్ ఆగకూడదు, మ్యాన్‌హోల్ దగ్గర మనిషి కదలకూడదు. లోపల ఒకడు పడిపోతే కాపాడాలని బయటివాడు దూకేస్తాడు, తర్వాత ఇంకొకడు. అందుకని హార్నెస్ (ఒంటికి కట్టే పట్టీలు), తాడు, పైనుంచి లాగే ట్రైపాడ్ (ముక్కాలి) లేకుండా లోపలికి దిగే పర్మిట్ మీద సంతకం పెట్టకు. చట్టం కూడా నీ పక్షానే ఉంది. "అరగంట పనే కదా" అని మేనేజర్ అన్నా పెట్టకు. నీకు మొహమాటం ఎక్కువ తల్లీ, అందుకే ఇంత కసురుతున్నాను.

గేజులు, పంపు సీళ్లు, అలారాలు రోజూ చూడమని నీకు వేరే చెప్పక్కర్లేదు.

ట్యాంకు నిండా నీళ్లు పోసి అది ఆగుతుందో లేదో చూసే నీళ్ల పరీక్ష గురించి మాత్రం చెప్పాలి. అమెరికాలో బోస్టన్ రేవు పక్కన 1915లో మొలాసిస్ (చెరకు మడ్డి) ట్యాంకు కట్టారు. ఎత్తు 50 అడుగులు, అడ్డం 90. నిండా నీళ్లు పోసి చూడాల్సింది పోయి, 6 అంగుళాలు పోసి సరే అనేశారు. పని చూసిన పెద్దమనిషి జమాఖర్చులవాడు, డ్రాయింగు చదవడం రాదు. రేకు ఉండాల్సిన మందంలో సగమే ఉంది. ట్యాంకు కారుతుంటే చుట్టుపక్కల పిల్లలు డబ్బాల్లో పట్టుకెళ్లేవారు. కంపెనీవాళ్లు ఆ కారుడు కనబడకుండా గోధుమ రంగు వేయించారు. 1919 జనవరి 15 మధ్యాహ్నం పగిలింది. 23 లక్షల గ్యాలన్లు, 25 అడుగుల అల. 21 మంది చచ్చిపోయారు, 150 మంది గాయపడ్డారు. ఎవరో బాంబు పెట్టారని కంపెనీ వాదించింది, కోర్టులో నిలవలేదు.

ఇందులో లెక్క ఒకటుంది, చూడు. మొలాసిస్ నీళ్లకంటే 1.4 రెట్లు బరువు. 15 మీటర్ల మొలాసిస్ అడుగు రేకుని 21 మీటర్ల నీళ్లంత గట్టిగా తోస్తుంది. అంటే నిండా నీళ్లు పోసినా దానికి చాలిన పరీక్ష కాదు. పామాయిల్ నీళ్లకంటే తేలిక కనక మీ ట్యాంకులకి అది సరిపోతుంది. రేపెవరైనా "ట్యాంకు ఖాళీగానే ఉందిగా, గ్లూకోజ్ సిరప్ పోద్దాం" అంటే ఊరుకోకు, అదీ నీళ్లకంటే బరువే. రేకు మందం అల్ట్రాసోనిక్ గేజితో కొలిపించి, ఎంత ఎత్తు దాకా నింపొచ్చో లెక్క కట్టించి, గీత గీయించు. వెల్డు దగ్గర చెమ్మ కనిపిస్తే దాని మీద రంగు పడనివ్వకు. ముందు మట్టం దింపించు, తర్వాతే మాటలు.

వెంటు, అదే ట్యాంకు గాలి పీల్చుకునే గొట్టం, కూడా చూడాలి. వాన పడుతుందని ఎవరో కవరు కడతారు, లేదా పామాయిల్లోని స్టియరిన్ అనే గట్టి కొవ్వు గడ్డకట్టి జాలీ పూడుకుపోతుంది. అది చూడకుండా నూనె బయటికి తోడే పంపు వేస్తే ట్యాంకు లోపలికి నలిగిపోతుంది. లోపలి బరువుకి చేసిన రేకు బయటి గాలి నొక్కుడుకి ఆగదు. ఆవిరితో కడిగి వెంటనే చన్నీళ్లు కొట్టినా అంతే.

ట్యాంకుల చుట్టూ కట్టే డైక్ గోడ లోపల, అన్నిటికంటే పెద్ద ట్యాంకు సరుకుకి 110 శాతం పట్టాలి. వాన నీళ్లకని డ్రెయిన్ వాల్వు తెరిచి మర్చిపోతే గోడ ఉండీ లేనట్టే, నూనె తిన్నగా ఉప్పుటేట్లోకి పోతుంది. షిఫ్టు మారినప్పుడల్లా ఆ వాల్వు నువ్వే చేత్తో తిప్పి చూసుకో.

నూనె పడ్డ నేల జారుతుంది. పాత బూట్లు వద్దు, నూనె మీద జారని సోలున్నవి కొనుక్కో, డబ్బులు పంపుతున్నాను. పనిలో పడి మధ్యాహ్నం అన్నం మానకు.

పెదనాన్న