లోతును మెదడు ఎలా చూస్తుందో చదవాలంటే మెడిసిన్ తప్పనిసరా?

ప్రశ్న: మా అమ్మాయి ప్లస్‌టూ చదువుతోంది. వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని చూసినప్పటి నుంచి, రెండు కళ్లతో చూసింది మెదడులో త్రీడీగా ఎలా మారుతుందో చదువుతానంటోంది. లెక్కల్లో దిట్ట. బయాలజీ మీద ఆసక్తి అంతంతే. మెడిసిన్ చేయించాలా? ఉద్యోగాలుంటాయా? – ఒక తండ్రి

జవాబు: మెడిసిన్ అక్కర్లేదండి. ఈ సబ్జెక్టుకు లెక్కలే పెద్ద బలం.

చూపుడు వేలు ముఖం ముందు నిలబెట్టి, ఒక కన్ను తర్వాత ఒకటి మూసి చూడమనండి. వెనక గోడ మీద వేలు అటూ ఇటూ గెంతుతుంది. దూరం జరిపేకొద్దీ గెంతు తగ్గుతుంది. కళ్ల మధ్య సుమారు 6 సెంటీమీటర్ల ఎడం ఉండటం వల్ల వచ్చే ఈ తేడా నుంచే మెదడు లోతును, అంటే ఏది దగ్గరో ఏది దూరమో, రాబడుతుందని 1838లో చార్లెస్ వీట్‌స్టోన్ స్టీరియోస్కోప్‌తో (ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ చూపించే పరికరం) చూపించాడు. ఆయన భౌతిక శాస్త్రవేత్త.

అసలు చిక్కు తర్వాత ఉంది. ఎడమ కన్ను చూసిన బొమ్మలోని ఏ చుక్కకు కుడి కన్ను చూసిన బొమ్మలోని ఏ చుక్క జత? 1960లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థ ఇంజనీరు బేలా యూలెష్ చుక్కలు చల్లినట్టుండే రెండు బొమ్మలు తయారుచేశాడు. విడివిడిగా చూస్తే ఏ ఆకారమూ ఉండదు. ఒక్కో కంటికి ఒక్కోటి చూపిస్తే మధ్యలో చతురస్రం తేలి కనిపిస్తుంది. అంటే వస్తువేదో గుర్తుపట్టకుండానే మెదడు జతలు కలిపేస్తోంది. రెండు కెమెరాల రోబోకూ ఇదే సమస్య. అందుకే ఉద్యోగాలు కంప్యూటర్ విజన్‌లో (కెమెరా బొమ్మల్ని కంప్యూటర్‌కు అర్థమయ్యేలా చేసే రంగం) ఎక్కువ. హెడ్‌సెట్లు చేసేవాళ్లకూ ఇలాంటివాళ్లు కావాలి: అందులో కళ్లు దగ్గరి బొమ్మ వైపు తిరుగుతాయి గానీ ఫోకస్ మాత్రం ఒకే దూరంలో ఉండిపోతుంది, కొందరికి తలనొప్పి వచ్చేది అందుకే.

మెల్లకన్ను లాంటి సమస్యలున్న పేషెంట్లతో పనిచేయాలనుకుంటే ఆప్టోమెట్రీ ఉంది. మెదడు కణాల మీద పరిశోధనకైతే పీహెచ్‌డీ దాకా వెళ్లాలి. అక్కడ పర్మనెంట్ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ.

నన్నడిగితే డిగ్రీలో మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్‌లలో ఏదైనా తీసుకుని, పక్కన న్యూరోసైన్స్ (మెదడు, నరాల శాస్త్రం) కోర్సు ఒకటి చేయడం మేలు. కోర్సు పేరులో ‘బ్రెయిన్’ ఉందని చేర్పించకండి.

ఈలోగా యూలెష్ బొమ్మను పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో తయారుచేయమనండి. చుక్కల బొమ్మకు కాపీ తీసి, అందులో మధ్య భాగాన్ని కొన్ని పిక్సెళ్లు పక్కకు జరిపి, ఖాళీని కొత్త చుక్కలతో నింపితే చాలు. హెడ్‌సెట్‌లో చూసినా ఆకారం తేలకపోతే కళ్ల పరీక్ష చేయించండి. కొందరికి ఈ రకం లోతు తెలియదు. అయినా ఈ చదువుకు అది అడ్డేమీ కాదు.