డాలస్ పేడే లోన్: మూడు రెన్యువల్స్ అయినా అసలు ఎందుకు తగ్గలేదు?

డాలస్‌లో 500 డాలర్ల పేడే లోన్ (జీతం వచ్చేదాకా ఇచ్చే చిన్న అప్పు) తీసుకుని, మూడుసార్లు రెన్యువల్ చేసి గడువు పొడిగించుకున్నా అసలు తగ్గలేదని, చికాగోలో మీ తమ్ముడి అప్పుకు మాత్రం ఏడాదికి 36% దాటలేదని, ఇలా ఎందుకని అడిగారు. కారణం రాష్ట్ర చట్టాల తేడానే. చికాగో ఉన్న ఇల్లినాయ్‌లో 2021 నుంచి వడ్డీ, ఫీజులన్నీ కలిపి ఏడాదికి 36% పరిమితి. డాలస్ ఉన్న టెక్సాస్‌లో లెండర్ తీసుకునే వడ్డీ 10% లోపే. మధ్యలో ఉండి లెండర్ నుంచి అప్పు ఇప్పించే షాపు, అంటే 'క్రెడిట్ యాక్సెస్ బిజినెస్', తీసుకునే ఫీజుకే రాష్ట్ర చట్టంలో పరిమితి లేదు. భారమంతా ఆ ఫీజులోనే.

అయితే షాపు డాలస్ సిటీ హద్దుల్లో ఉంటే ఊరి నియమం మీ వైపే: మూడు రెన్యువల్స్‌కు మించకూడదు, ప్రతిసారీ అసలు కనీసం 25% తగ్గాలి. మీకు తగ్గలేదంటున్నారు కాబట్టి కాంట్రాక్టు, రసీదులు జతచేసి సిటీకీ, రాష్ట్ర కన్స్యూమర్ క్రెడిట్ కమిషనర్ ఆఫీసుకూ ఫిర్యాదు పెట్టండి.

ముందు మీ ఖాతా నుంచి వాయిదా దానంతటదే కోసుకునే ఆటో డెబిట్ ఆపండి. డెబిట్ తేదీకి కనీసం మూడు పనిదినాల ముందు బ్యాంకుకు చెప్పాలి. మీరు నోటితో చెబితే, 14 రోజుల్లో రాతపూర్వకంగా ఇవ్వమని బ్యాంకు అడగొచ్చు, కాబట్టి మొదటే రాసివ్వండి. లెండర్‌కూ అనుమతి రద్దు లేఖ పంపండి. బాకీ మాత్రం అలాగే ఉంటుంది. కట్టలేకపోయినంత మాత్రాన క్రిమినల్ కేసు పెట్టలేరు, అలా పెడతామని బెదిరిస్తే దాన్నీ ఫిర్యాదులో రాయండి.

బాకీ తీర్చడానికి ఫెడరల్ క్రెడిట్ యూనియన్‌లో (సభ్యులే యజమానులైన సహకార బ్యాంకు లాంటిది) 'పాల్' లోన్, అంటే పేడే లోన్‌కు బదులుగా ఇచ్చే చిన్న అప్పు, అడగండి: వడ్డీ 28% లోపు, దరఖాస్తు ఫీజు 20 డాలర్లు మించదు. అన్ని యూనియన్లూ ఇవ్వవు.

చట్టం మార్పించడం గురించి అడిగారు. నెబ్రాస్కా రాష్ట్ర ఓటర్లు 2020లో నేరుగా బ్యాలెట్‌లో ఓటేసి 36% పరిమితి తెచ్చుకున్నారు, టెక్సాస్‌లో ఆ దారి లేదు, శాసనసభే మార్చాలి. అది బేసి సంవత్సరాల్లో జనవరి నుంచి 140 రోజులు కూర్చుంటుంది. పేరు, అకౌంట్ నంబర్లు కొట్టేసిన మీ ఫీజు షీటును అంతకుముందే మీ రాష్ట్ర శాసనసభ ప్రతినిధి ఆఫీసుకు పంపండి.