లినక్స్‌కు డబ్బు తీసుకోవడం అన్యాయమా?

“వేలమంది కలిసి రాసిన లినక్స్‌కు కంపెనీలు ఏటా చందా వసూలు చేయడం అన్యాయం కాదా? ఆ డబ్బుకు వాళ్లు చేసే పనేమిటి?” అని అడిగారు. పదేళ్లకు పైగా లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే సర్వర్ల నిర్వహణే నా ఉద్యోగం కాబట్టి, దగ్గరగా చూసినంత మేరకు చెబుతాను.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను విడుదల చేసినప్పుడు, దాన్ని పంచేవారు డబ్బు తీసుకోకూడదనే షరతు ఉండేది. 1992లో ఆయనే ఆ షరతును తొలగించి, ఎవరైనా మార్చుకోవడానికీ పంచడానికీ అమ్మడానికీ వీలిచ్చే జీపీఎల్ లైసెన్సుకు మారారు. ఆ లైసెన్సును రూపొందించిన రిచర్డ్ స్టాల్‌మన్ కూడా 1985లో తన ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ టేపులను 150 డాలర్లకు అమ్మారు. కాబట్టి డబ్బు తీసుకోవడాన్ని నేను తప్పుపట్టను.

ఆ డబ్బుకు జరిగే పనేమిటో నాకు ఒక భద్రతా తనిఖీలో బాగా అర్థమైంది. తనిఖీకి వచ్చిన బృందం మా సర్వర్లలో, దూరం నుంచి భద్రంగా లాగిన్ కావడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.0 ఉందని చూసి, అది 2019 నాటిదనీ లోపాలతో కూడినదనీ నివేదికలో రాసింది. నేను వారి ఎదుటే ఆ ప్యాకేజీ ఛేంజ్‌లాగ్ (మార్పుల చిట్టా) తెరిచాను. వారు ఎత్తిచూపిన సీవీఈ నంబర్లు (భద్రతా లోపాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్యలు), ఒక్కటి మినహా, సరిచేసిన తేదీలతో సహా అందులో ఉన్నాయి. మిగిలిన ఆ ఒక్కటి మేము వాడే బిల్డ్‌కు వర్తించదని మా లినక్స్ డిస్ట్రిబ్యూషన్ (కూర్పు) పేజీలోనే రాసి ఉంది. కొత్త వెర్షన్‌లోని దిద్దుబాటును మాత్రమే విడదీసి, పాత కోడ్‌లో ఇమిడేలా తిరగరాసి, దానిపై ఆధారపడ్డ ప్రోగ్రాములేవీ ఆగిపోకుండా పరీక్షించే ఈ పనినే బ్యాక్‌పోర్టింగ్ అంటారు. కొత్త ఫీచర్లు రాయడానికి ఉత్సాహపడేవారు ఎందరో ఉంటారు గానీ, పాతబడిన కోడ్‌ను పదేళ్లపాటు ఇలా కాపాడుతూ కూర్చోవడానికి జీతమివ్వక తప్పదు. ఆ జీతం చందాల నుంచే వస్తుంది, అది న్యాయమైన సంపాదన అని నా నమ్మకం.

నాకు అభ్యంతరం ఉన్నది వేరే చోట. రెడ్ హ్యాట్ కంపెనీ చందాకు ఇచ్చే లినక్స్‌కు ఉచిత ప్రతిరూపమైన సెంటాస్ లినక్స్ 8, 2029 దాకా కొనసాగాల్సింది; దానికి 2021 డిసెంబరు 31తోనే మద్దతు ముగించారు. 2023 జూన్‌లో రెడ్ హ్యాట్ తన వాణిజ్య వెర్షన్ సోర్స్ కోడ్‌ను బహిరంగంగా ఉంచడం మానేసి, చందాదారులకు పరిమితం చేసింది; బయటివారికి ఆ వాణిజ్య వెర్షన్‌కు ముందు రూపమైన సెంటాస్ స్ట్రీమ్ మాత్రమే మిగిలింది. ఇది చట్టానికి లోబడే ఉందని వాదించవచ్చు, కానీ ఇతరులు ఇచ్చిన కోడ్ మీద నిలబడిన సంస్థ తన దిద్దుబాట్లను తలుపు వెనక పెట్టడం నాకు బాధ కలిగించింది. అయినా సోర్స్ అప్పటిదాకా అందరి చేతిలో ఉండబట్టే, సెంటాస్ లినక్స్ 8ను ఆపేస్తామని 2020 డిసెంబరులో ప్రకటించిన కొద్ది నెలల్లోనే దాని స్థానంలో ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ అనే ఉచిత కూర్పులు నిలదొక్కుకోగలిగాయి.

అందుకే మేము చందా కడుతూనే, చందా అక్కర్లేని డెబియన్ అనే లినక్స్ కూర్పు మీద ఒక టెస్ట్ సర్వర్‌ను కూడా ఉంచుకున్నాం. మూడు నెలలకోసారి మా ప్రోగ్రాములన్నీ దానిపై నడిపి, ఆగిపోయినవాటిని సరిచేసుకుంటాం. చందా పొడిగింపు గురించి మాట్లాడే రోజున ఆ ఫలితాల కాగితం ముందు పెట్టుకునే కూర్చుంటాం.