టెక్ సందేహాలు: ఆరడుగుల షాపులో ప్లాటర్ పడుతుందా?

ప్రశ్న: కర్నూలులో నాకు చిన్న జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. వెడల్పు ఆరడుగులు, లోతు పదడుగులు. ముందు జిరాక్స్ మిషన్, పక్కన కంప్యూటర్ టేబుల్. వెనక గోడకు మూడడుగుల ఎత్తులో, రెండడుగుల లోతున కడప బండ వేసి ఉంది. ఇంటి ప్లాన్లు ప్రింట్ తీసిస్తావా అని ఇంజనీర్లు అడుగుతున్నారు. సేల్స్ అతను పెద్ద షీట్లు ప్రింట్ తీసే ప్లాటర్, అదీ 36 ఇంచులది తీసుకోమంటున్నాడు. అది పట్టదేమోనని నా టెన్షన్. ఏది కొనాలి సార్?

జవాబు: పట్టడానికి పడుతుంది. అది పెట్టాక మీరెక్కడ నిలబడతారన్నదే నా అనుమానం.

36 ఇంచులు, 24 ఇంచులు అని చెప్పేది కాగితం వెడల్పు. దానికి అటూ ఇటూ హెడ్ (ఇంకు చిమ్మే భాగం) ఆగే చోటు, ఇంకు పెట్టే చోటు కలిపితే 36 ఇంచుల మిషన్ దాదాపు నాలుగున్నర అడుగులవుతుంది. 24 ఇంచులది మూడడుగుల పైచిలుకు. మీ గోడకు రెండూ ఆనతాయి. చిక్కంతా ముందూ వెనకా వదలాల్సిన జాగాతోనే.

మా తోడల్లుడు ఇలాగే కొలత చూసుకుని ఒకటి కొన్నాడు. గోడకు ఆనించి పెట్టాడు, అద్దినట్టు సరిపోయింది. మొదటి రోల్ అయిపోయిన రోజు తెలిసింది, కొత్త రోల్ వెనక నుంచి ఎక్కించాలని. ఆ తర్వాత రోల్ మార్చాల్సి వచ్చినప్పుడల్లా పక్కన టీ కొట్టు కుర్రాణ్ణి పిలిచి, ఇద్దరూ కలిసి మిషన్ని ముందుకు లాగేవాళ్లు. అందుకే షోరూంలో మీ మొదటి ప్రశ్న ధర గురించి కాకూడదు. "రోల్ ఎటునుంచి ఎక్కించాలి, నా ముందు ఒకసారి ఎక్కించి చూపించు" అనండి. పై మూత పూర్తిగా లేపించి, దానికి ఎంత ఎత్తు కావాలో టేపుతో కొలుచుకోండి. మీ బండకు పైన ఇంకో అర ఉంటే అక్కడే తేలిపోతుంది.

నా ఓటు స్టాండు లేని 24 ఇంచుల దానికే. ఏ1 షీటు అడ్డం 594 మిల్లీమీటర్లు, 24 ఇంచుల రోల్ 610. అంటే ఏ1, ఏ2 ప్లాన్లు రెండూ హాయిగా వస్తాయి. 45 మీటర్ల రోల్‌కు లెక్కప్రకారం 53 ఏ1 షీట్లు రావాలి. వృథా తీసేసి 50 అనుకుని రేటు కట్టుకోండి. హెచ్‌పీ డిజైన్‌జెట్, ఎప్సన్ ష్యూర్‌కలర్, కెనాన్ ఇమేజ్‌ప్రోగ్రాఫ్ మూడింటిలోనూ ఈ సైజు మోడళ్లున్నాయి. కెనాన్ టీసీ-20కి సీసాతో ఇంకు పోసుకోవచ్చు. కడప బండ మంచి ఆసరా. హెడ్ అటూ ఇటూ పరిగెత్తేటప్పుడు ప్లైవుడ్ టేబుల్ ఊగినట్టు ఊగదు. ఏ1 షీటు పొడవు 841 మిల్లీమీటర్లు, కాబట్టి బండ మీద నుంచి దిగిన కాగితం దాదాపు నేల దాకా వేలాడుతుంది. బండ కింద పాత దుప్పటిని ఉయ్యాలలా కట్టండి, ప్రింటు అందులోకి జారుతుంది. చెప్పుల దుమ్ము అంటదు.

24 ఇంచుల్లో రానిది ఏ0. దాని అడ్డమే 841. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఏ0 ప్లాన్ వస్తే "ఫిట్ టు పేజ్" (కాగితానికి సరిపడా కుదించడం) కొట్టి ఏ1 మీద దింపేస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ 1:100 స్కేలు కాస్తా 1:141 అయిపోతుంది. సైట్‌లో మేస్త్రి స్కేలు పెట్టి కొలిస్తే పదడుగుల గది ఏడడుగులు చూపిస్తుంది. తిట్లు మాత్రం ప్రింట్ ఇచ్చిన మీకే. అనుమతులు ఆన్‌లైన్ అయినా గోడ దగ్గర మేస్త్రి చేతిలో ఉండేది కాగితమే కదా. ఒక నెలపాటు కౌంటర్ మీద నోటుబుక్కు పెట్టి, ఎవరు ఏ సైజు అడిగారో రాసుకోండి. ఏ0 అడిగేవాళ్లు వారానికి ఒకరిద్దరే అయితే పెద్ద మిషన్ ఉన్నచోట తీయించి ఇవ్వండి. రోజూ ఇద్దరు ముగ్గురు వస్తుంటే సేల్స్ అతని మాటే నిజం. అప్పుడు కంప్యూటర్ టేబుల్‌కు వేరే చోటు చూసుకోవాలి.

ఇక ఎండల సంగతి. మన దగ్గర ఎండలకు రోళ్లు పగులుతాయంటారు, కాగితం రోల్ ఎంత? వాడని రోల్‌ను దాని కవర్లోనే ఉంచండి. పొడిగాలికి హెడ్‌లో ఇంకు ఎండిపోతుంది. పని లేని వారంలో కూడా నాలుగు రంగులూ పడేలా చిన్న ప్రింటు ఒకటి తీయండి. రాత్రి షట్టర్ దించేటప్పుడు గోడ స్విచ్ టక్కున కట్టేయకండి. మిషన్ మీది బటన్ నొక్కితేనే హెడ్ తన మూత కిందికి వెళ్తుంది. కరెంటు పోయినా కంగారక్కర్లేదు. లేజర్ మిషన్లలా ఇది కరెంటు తాగదు, మామూలు ఇన్వర్టర్ మీద నడుస్తుంది.

ప్రశ్న: అనంతపురంలో ఫొటో స్టూడియో, పై అంతస్తులో. 44 ఇంచుల సెకండ్ హ్యాండ్ ప్లాటర్ చౌకగా వస్తోంది. తీసుకోవచ్చా?

జవాబు: అది స్టాండుతో దాదాపు ఆరడుగులుంటుంది. ముందు మెట్ల మలుపు కొలవండి. ఎక్కుతుందనుకుంటే, మీ కళ్లముందు నాజిల్ చెక్ (హెడ్ రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో లేదో గీతలతో చూపే ప్రింటు) తీయించండి. గీతలు తెగితే హెడ్ పోయినట్టే అనుకుని బేరమాడండి. ఆ మోడల్‌కు ఇంకు, హెడ్ ఇంకా దొరుకుతున్నాయా, ఎంతకు దొరుకుతున్నాయి అని డీలర్‌ను విడిగా అడగండి. చౌకగా వచ్చే చాలా మిషన్ల గుట్టు అక్కడే ఉంటుంది.

ప్రశ్న: కడపలో మా ఇంట్లో ఒక గది ఖాళీ. పగలు ఫ్లెక్స్ ప్రింటింగ్ పెట్టి, రాత్రి పిల్లలు అందులోనే పడుకునేలా చేయొచ్చా?

జవాబు: వద్దు. ప్లాన్లు తీసే ప్లాటర్లలో ఉండేది నీళ్ల ఇంకు. ఫ్లెక్స్‌కు వాడేది సాల్వెంట్ ఇంకు, అంటే నీళ్లకు బదులు రసాయన ద్రావకంలో కలిపినది. దాని ఆవిరి ఘాటు సాయంత్రం కిటికీ తీస్తే పోయేది కాదు. ఆ గదిలో కంప్యూటర్ పెట్టి డిజైన్ వరకు చేసుకోండి, ప్రింట్ బయట వేయించండి.