అలమరాలోని హైదరలీ సైన్యం

ప్రశ్న: చాలా ఏళ్ళ క్రితం తిరుపతిలోని మిత్రుడి ఇంట్లో మైసూరు యుద్ధాల బొమ్మలతో బల్లపై పోరాటాలు ఆడేవాళ్ళం. తరువాత అతను రెండో ప్రపంచయుద్ధపు ట్యాంకులవైపు మళ్ళాడు, నేను ఉద్యోగంలో పడ్డాను. ఇప్పుడు పాత సైన్యాలను తీసుకుని రమ్మంటున్నాడు. నియమాలు మరిచిపోయాను. కొన్ని బొమ్మలకు ఇంకా రంగే వేయలేదు, కొన్నిటిమీద తెల్లటి పొడి పేరుకుంది. అన్నీ సిద్ధం చేసుకున్నాకే వెళ్ళాలా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: వద్దు, ఇప్పుడే వెళ్ళండి. అన్నిటికీ రంగులు వేశాక ఆడదామనుకున్న సైన్యాలు అలమరాలోనే ఉండిపోవడం నేను చాలా ఇళ్ళలో చూశాను. ఒక్క సాయంత్రం ఆడితే చాలు, మిగిలిన రంగులు వేయాలనే ఉత్సాహం దానంతట అదే వస్తుంది.

పైగా మీరు చిత్తూరు వారు. హైదరలీ 1782 డిసెంబరు 7న కన్నుమూసింది మీ ఊరి దగ్గరి నరసింగరాయనిపేట విడిదిలోనే. మలబారు తీరం నుంచి టిప్పు వచ్చేదాకా ఆ మరణవార్త బయటకు పొక్కకుండా చూశారు. ఇంత దగ్గరి చరిత్రను అలమరాలో పెట్టి తాళం వేయడం నాకు మనసొప్పదు.

తెల్లపొడి సంగతి ముందు చూడండి. అది దుమ్ము కాకపోవచ్చు. చెక్క అలమరాలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి, గాలిలోని తేమ కలిసి పాత బొమ్మల్లోని సీసపు లోహాన్ని తినేస్తే అలాంటి పొడి వస్తుంది. అది విషం, నోటితో ఊదకండి. ముక్కుకు మాస్కు కట్టుకుని, తడి కుంచెతో తుడిచి, చేతులు సబ్బుతో కడుక్కోండి. పిల్లలను దగ్గరకు రానివ్వకండి. పైపైన పట్టినవాటిని ఆరబెట్టి మళ్ళీ ప్రైమరు, అంటే అడుగు రంగు, వేస్తే నిలుస్తాయి. ముఖం, చేతులు పొడిగా రాలిపోతున్న బొమ్మలను వదులుకోవలసిందే. మిగిలినవాటిని ఇకమీదట చెక్క అలమరాలో పెట్టకండి.

ఇక ఏ యుద్ధం ఆడాలి? అందరికీ 1780 సెప్టెంబరు 10 నాటి పొల్లిలూరు యుద్ధం గుర్తొస్తుంది. మొదటి ఆటకు అది వద్దంటాను. ఆనాడు ఈస్టిండియా కంపెనీ సేనాని కల్నల్ బెయిలీ దళం మైసూరు సైన్యం చేతిలో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. కంపెనీ పక్షం ఆడేవారికి చేయడానికేమీ మిగలదు. దానికి నాలుగు రోజుల ముందు, సెప్టెంబరు 6న, పెరంబాక్కం దగ్గర జరిగిన పోరును ఎంచుకోండి. గుంటూరు నుంచి వస్తున్న బెయిలీని టిప్పు అడ్డగించాడు. బెయిలీ నిలదొక్కుకున్నాడు, కానీ ముందుకు కదలలేకపోయాడు. బల్లపైన కూడా ఆ పోరు చివరిదాకా ఎటూ తేలకుండా సాగుతుంది.

బెయిలీ దగ్గర అప్పుడు సుమారు 2,800 మంది. ఒక బొమ్మను 50 మందిగా లెక్కిస్తే అరవై బొమ్మలలోపే సరిపోతుంది. టిప్పు గుర్రపు దళం తక్కువైతే, దెబ్బతిన్న దళాన్ని తీసి బల్ల వెనుక అంచునుంచి మళ్ళీ ప్రవేశపెట్టండి. రంగు వేయని బొమ్మలను కూడా నిలబెట్టేయండి, మీ మిత్రుడు ఏమీ అనుకోడు.

పాత నియమాల పుస్తకాన్ని మొదటి పుట నుంచి చదవకండి. నడక, కాల్పులు, ధైర్యం – ఈ మూడు పట్టికలూ ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. మైసూరు రాకెట్లకు మాత్రం మా బల్లపై నేను వాడే పద్ధతి చెబుతాను. ఇనుప గొట్టపు రాకెట్టు ఎటు తిరుగుతుందో పాచిక వేసి తేల్చాలి. అది తగిలినచోట బొమ్మలను తీసేయకుండా, ఆ దళాన్ని దాని తరువాతి వంతు వచ్చినప్పుడు ఒకసారి కదలనీయకూడదు. పక్కన ఫిరంగి లాగే ఎద్దులుంటే అవి బెదిరి వెనక్కి పోతాయి. ఎద్దులు లేక కంపెనీ ఫిరంగి ఎక్కడిదక్కడ ఆగిపోయినప్పుడు ఆ కాలపు యుద్ధం ఎలా ఉండేదో మీకే తెలుస్తుంది.

రెండోసారి కూర్చున్నప్పుడు బెయిలీకి సాయంగా కంపెనీ అధికారి ఫ్లెచర్ తెచ్చిన వెయ్యిమందిని కలిపి పొల్లిలూరు ఆడండి. ఎర్రకోట్ల సిపాయిల వరుసలు, పల్లకీలో బెయిలీ ఎలా ఉండాలో చూడాలంటే శ్రీరంగపట్టణంలోని టిప్పు వేసవి మహలు దరియా దౌలత్‌లో గోడచిత్రం ఉంది. అది గెలిచినవారు వేయించుకున్న బొమ్మ కాబట్టి సంఖ్యలకు కాక రంగులకే దానిని నమ్మండి.

బస్సులో వెళ్తున్నారేమో, పెట్టెను పై అరలో పెట్టకండి. ఒళ్ళో పెట్టుకోండి. కుదుపులకు ముందు విరిగేవి గుర్రపు రౌతుల ఈటెలే.